కోర్సు ఫీజు కట్టేముందు ఒక్క వారం ఆగండి



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో తొమ్మిదో తరగతి బాబు నాన్నగారు ఒకరు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి, లేవబోయి మళ్లీ కూర్చున్నారు. జేబులోంచి ఫోన్ తీసి ఒక వాట్సాప్ మెసేజ్ చూపించారు. అది బాబు గురించి కాదు, బీటెక్ మూడో ఏడాది చదువుతున్న వాళ్ల పెద్దమ్మాయి గురించి. 'ఆరు నెలల్లో ఫుల్ స్టాక్ డెవలపర్. జాబ్ గ్యారంటీ. ఫీజు 72 వేలు. ఈఎంఐ సౌకర్యం కలదు. ఈ ఆఫర్ ఆదివారం వరకే' అని ఉంది. "కట్టమంటారా మేడమ్?" అని అడిగారు. బయట ఇంకా పదిమంది తమ వంతు కోసం చూస్తున్నారు. "సర్, ఆదివారంలోపు మాత్రం కట్టకండి, నేను ఫోన్ చేస్తాను" అని చెప్పి పంపించాను. తర్వాత ఆయనకు ఫోన్‌లో చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. ఎందుకంటే ఈ ఏడాది ఇదే ప్రశ్న నన్ను అడిగినవాళ్లలో ఆయన నాలుగో మనిషి.

ఫీజు కట్టి చదివించే స్కూలు పత్రికలో, ఆ ఫీజుల మీదే జీతం తీసుకునే టీచర్ 'ఉచితం' గురించి రాయడమేమిటని మీకు నవ్వు రావచ్చు. రాయడానికి కూర్చున్నప్పుడు నాకూ వచ్చింది. పైగా నేను ఇంగ్లీష్ టీచర్‌ని, కోడింగ్ నా సబ్జెక్టు కాదు. కానీ ఈ విషయంలో మా ఇంట్లో ఒకసారి డబ్బు పోయింది. ఆ తర్వాత అదే పని డబ్బు పెట్టకుండా జరిగింది. రెండూ పక్కనే ఉండి చూశాను.

మా తమ్ముడు 2019లో బీటెక్ పూర్తి చేశాడు. ట్రిపుల్ ఈ. క్యాంపస్‌లో ఉద్యోగం రాలేదు. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు జావా నేర్పి ఉద్యోగం కూడా చూపిస్తామని 55 వేలు అడిగారు. నాన్న దగ్గర 20 వేలు ఉన్నాయి. మిగతాదానికి అమ్మ గాజులు బ్యాంకులో పెట్టారు. ఎస్సార్ నగర్‌లో హాస్టల్ ఖర్చు దానికి అదనం. ఆరు వారాలు క్లాసులు జరిగాయి. ఆ ఆరు వారాల్లోనే ముగ్గురు ట్రైనర్లు మారారు. ఏడో వారం సోమవారం వీడు వెళ్లేసరికి షట్టర్‌కి తాళం వేసి ఉంది. ఫోన్లు స్విచాఫ్. వాట్సాప్‌లో రసీదు అని పంపిన ఒక ఫోటో తప్ప మా దగ్గర కాగితమనేది లేదు. నేను అప్పుడు బీఈడీ చదువుతున్నాను. ఆ గాజుల్ని ఉద్యోగంలో చేరాక, 2022లో, నా జీతంలోంచి నెలనెలా కట్టి విడిపించాం.

మరుసటి మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. తమ్ముడు హాస్టల్ ఖాళీ చేసి ఖమ్మం వచ్చేశాడు. ఫోన్‌లో రోజుకు ఒకటిన్నర జీబీ డేటా, కాలేజీ రోజుల్లో కొన్న పాత ల్యాప్‌టాప్. అంతే. ఇక ఉచితంగా దొరికేవన్నీ మొదలుపెట్టాడు. 'అన్నీ' అని ఊరికే అనడం లేదు. ఒకరోజు వాడి ల్యాప్‌టాప్‌లో నా బీఈడీ రికార్డు టైప్ చేసుకుందామని కూర్చుంటే బ్రౌజర్ నిండా కోర్సులే. జావా ఒకటి, పైథాన్ రెండు, వెబ్ డిజైనింగ్ మూడు, మెషిన్ లెర్నింగ్ కూడా ఒకటి. ఏదీ మూడో పాఠం దాటలేదు. రెండు వారాలకోసారి ఎవరో ఒకరు 'ఇప్పుడు మార్కెట్‌లో అది కాదు, ఇది నడుస్తోంది' అని వీడియో పెడతారు, వీడు అటు దూకుతాడు. నాలుగు నెలలు అలాగే గడిచాయి. ఇన్‌స్టిట్యూట్‌లో డబ్బు పోయిందని ఏడ్చిన మాకు, ఇంట్లో కూర్చుని నాలుగు నెలలు పోగొట్టుకున్నామని తెలియడానికి కొంత టైం పట్టింది. ఉచిత పాఠాల్లో ఉన్న పెద్ద చిక్కు ఇదే. వదిలేస్తే పోయేదేమీ కనిపించదు.

ఆగస్టులో ఇద్దరం కూర్చుని మిగతావన్నీ మూసేసి ఒక్కటే ఉంచాం. అది అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్ల 'సీఎస్50'. డేవిడ్ మేలన్ అనే ప్రొఫెసర్ అక్కడి విద్యార్థులకు చెప్పే పాఠాలనే వీడియో తీసి అందరికీ పెడతారు. హోంవర్క్ కూడా అదే ఇస్తారు. దాన్ని ఆన్‌లైన్‌లో పంపితే, తప్పా ఒప్పా అన్నది వాళ్ల ప్రోగ్రామే దిద్ది చెబుతుంది. అన్నీ పూర్తి చేసినవాళ్లకు వాళ్ల తరఫున ఒక సర్టిఫికెట్ కూడా ఉచితంగానే ఇస్తారు. వేరే వెబ్‌సైట్ ద్వారా గుర్తింపు పరిశీలించి ఇచ్చే సర్టిఫికెట్‌కి మాత్రం డబ్బు కట్టాలి. మాకు దాని అవసరం కనిపించలేదు. వారాల లెక్క ఒకటి నుంచి కాకుండా సున్నా నుంచి మొదలవడం చూసి నేను ప్రింటింగ్ తప్పనుకున్నాను. కంప్యూటర్ లెక్క అక్కడి నుంచే మొదలవుతుందట.

సున్నా వారంలో స్క్రాచ్‌తో ఆడించారు. మన ఆరో తరగతి పిల్లలు ల్యాబ్‌లో బ్లాకులు పేర్చి పిల్లిని నడిపించేది అదే. బీటెక్ చదివినవాడికి ఇదేం పాఠమని వీడు నవ్వాడు. మొదటి వారంలో సీ లాంగ్వేజ్ మొదలైంది, నవ్వు ఆగిపోయింది. ఆ వారం హోంవర్క్ ఏమిటంటే, మారియో గేమ్‌లో కనిపించే మెట్ల లాంటి ఆకారాన్ని హ్యాష్ గుర్తులతో స్క్రీన్ మీద వేయించాలి. ఎత్తు ఎన్ని మెట్లో వాడేవాళ్లు చెబుతారు, ప్రోగ్రామ్ వేయాలి. మెట్లు కుడివైపుకి ఆనుకుని ఉండాలి. వీడికి ఎంత చేసినా ఎడమవైపుకే వస్తున్నాయి. రెండు సాయంత్రాలు పోయాయి. అన్నం దగ్గర కూడా అదే ధ్యాస.

మూడో రోజు అమ్మ వచ్చి, "ఏమిట్రా అది, ముగ్గా?" అని అడిగింది. మా అమ్మ ఏడో తరగతి దాకా చదివింది. వీడు విసుగ్గా కాగితం మీద గీసి చూపించాడు. అమ్మ కాసేపు చూసి, "నువ్వు చుక్కలు మాత్రమే లెక్కపెడుతున్నావు, ఖాళీలు లెక్కపెట్టట్లేదు. ఎనిమిది వరసల ముగ్గైతే మొదటి వరసలో ఏడు ఖాళీలు వదిలి ఒక చుక్క పెట్టాలి, రెండో వరసలో ఆరు వదిలి రెండు" అంది. అంతే. సమస్య మొత్తం అదే. వరస పెరిగేకొద్దీ ఖాళీ ఒకటి తగ్గాలి, చుక్క ఒకటి పెరగాలి. దాన్ని సీ భాషలో రాయడానికి వాడికి ఇంకో గంట పట్టింది కానీ, దారి మాత్రం అమ్మదే.

ఈ సంగతి ఎవరికి చెప్పినా ముచ్చటపడతారు. నేను చెప్పేది ముచ్చట కోసం కాదు. 'మాకేం తెలుసు మేడమ్, మేము పక్కన కూర్చుని ఏం చేస్తాం' అని మీలో చాలామంది నాతో అన్నారు. అమ్మకు సీ అంటే తెలియదు, ఇప్పటికీ తెలియదు. కానీ వాడు తన సమస్యను ఇంకో మనిషికి అర్థమయ్యేలా చెప్పాల్సి వచ్చింది. అలా చెప్పడంలోనే సగం తేలిపోతుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లు టేబుల్ మీద రబ్బరు బాతు బొమ్మ పెట్టుకుని దానికి కోడ్ వివరిస్తారని తర్వాత తెలిసింది. ఆ సీఎస్50 వాళ్లే 2023లో ఆ బాతు పేరుతో ఒక ఏఐ సాయం కూడా పెట్టారు. అది జవాబు రాసివ్వదు, దారి మాత్రం చూపిస్తుంది. అమ్మ ఉన్న ఇంట్లో బాతు ఎందుకని మా వాడు ఇప్పటికీ అంటుంటాడు.

నా వంతు సాయం ఇంకోటి. "అక్కా, ఇది రావట్లేదు" అని పిలిచేవాడు. నేను వెళ్లి చూస్తే స్క్రీన్ మీద ఎర్రర్ మెసేజ్ ఉండేది. "ఒరేయ్, అందులో ఏముందో చదివావా?" అంటే, "ఎర్రర్ అక్కా" అనేవాడు. అది ఎర్రర్ అని నాకూ తెలుసు, ఏమని రాసి ఉందో చదవమనేదాన్ని. పైథాన్ మొదలుపెట్టిన వారంలో ఒకరోజు గంటన్నర తల పట్టుకున్నాడు. స్క్రీన్ మీద మామూలు ఇంగ్లీషులో మూడు ముక్కలున్నాయి: పన్నెండో లైనులో ఫలానా పేరు వాడారు, ఆ పేరుతో ఏదీ లేదు అని. పైన 'టోటల్' అని స్పెల్లింగ్ సరిగా రాసి, కింద ఒక అక్షరం మింగేశాడు. ఇప్పటి పైథాన్ అయితే, 2021లో వచ్చిన 3.10 నుంచి, 'మీ ఉద్దేశం టోటల్ అనా?' అని ఎదురు అడుగుతుంది కూడా. అడిగినా చదివితే కదా!

వాడు పదో తరగతి దాకా ఇంగ్లీష్ మీడియంలోనే చదివాడు. బీటెక్ కూడా ఇంగ్లీషులోనే. ఎర్ర అక్షరాల్లో నాలుగు లైన్లు కనిపించగానే కళ్లు మూసుకునే అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రోజు ఆలోచించాను. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ముందు, మీరు అడిగే అసలు ప్రశ్న. ఉచితమైనవి ఎక్కడ దొరుకుతాయి, ఏది నమ్మాలి?

పిల్లలకు ఇంగ్లీష్ వీడియోలు అందుకోవడం కష్టమైతే ఐఐటీ బాంబే వాళ్ల 'స్పోకెన్ ట్యుటోరియల్' చూడమంటాను. పది నిమిషాల చిన్న చిన్న పాఠాలు. స్క్రీన్‌కి ఒకపక్క పాఠం, ఇంకోపక్క సాఫ్ట్‌వేర్ తెరిచి, ఆపుతూ చేసుకుంటూ పోవాలి. పాఠాన్ని బట్టి తెలుగులో కూడా వినవచ్చు, సీ, సీ ప్లస్ ప్లస్ లాంటివి తెలుగులో ఉన్నాయి. హంగులేమీ ఉండవు, బొమ్మలు పాతగా ఉంటాయి. అందుకే ఎవరూ దీన్ని ప్రచారం చేయరనుకుంటాను. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన 'ఎన్‌పీటెల్' మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో క్రెడిట్ల కోసం పిల్లలు దీంట్లో చేరుతుంటారు. చేరడం, పాఠాలు వినడం, వారం వారం అసైన్‌మెంట్లు పంపడం ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే సెంటర్‌కి వెళ్లి పరీక్ష రాయాలి, దానికి కోర్సుకు 1000 రూపాయల ఫీజు చాలా ఏళ్లుగా ఉంది. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్ మాధవన్ ముకుంద్ చెప్పిన పైథాన్, డేటా స్ట్రక్చర్స్ కోర్సు అందులోదే. మా తమ్ముడు సీఎస్50 తర్వాత చేసిన రెండోది అదే. ఎనిమిది వారాలు. నెమ్మదిగా, నల్లబల్ల మీద చెప్పినట్టే చెబుతారు.

వెబ్‌సైట్లు తయారుచేయడం నేర్చుకోవాలంటే 'ఫ్రీకోడ్‌క్యాంప్'. 2014లో క్విన్సీ లార్సన్ అనే ఆయన మొదలుపెట్టారు. ఆయన అంతకుముందు స్కూళ్లలో పనిచేసి, ముప్పై దాటాక కోడింగ్ నేర్చుకున్న మనిషి, కాబట్టి నాకు కాస్త పక్షపాతం ఉంది. లాభాపేక్ష లేని సంస్థ. ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా బ్రౌజర్‌లోనే రాయవచ్చు. మెట్టు మెట్టుకీ సరిచూసి గానీ ముందుకు పోనివ్వదు. సర్టిఫికెట్‌కి కూడా పైసా అడగదు, కానీ సొంతంగా ప్రాజెక్టులు కట్టి చూపించాలి. ఇంతకంటే కఠినంగా, అన్నీ సొంత కంప్యూటర్‌లోనే పెట్టుకుని చేయించేది 'ది ఓడిన్ ప్రాజెక్ట్'. సందేహం వచ్చినప్పుడు తిరగేయడానికి మొజిల్లా వాళ్ల 'ఎండీఎన్' ఉంది, డిక్షనరీ లాంటిది. ఇక మన స్కూలు వయసు పిల్లలకైతే ఇవేవీ అక్కర్లేదు. చిన్నవాళ్లకు స్క్రాచ్, పెద్దవాళ్లకు ఎన్‌సీఈఆర్‌టీ పదకొండు, పన్నెండు తరగతుల కంప్యూటర్ సైన్స్ పుస్తకాలు చాలు. పైథాన్ అందులోనే ఉంది. పుస్తకాలు ఎన్‌సీఈఆర్‌టీ సైట్‌లో ఉచితంగా దించుకోవచ్చు.

ఇన్ని పేర్లు రాశాను కదా, అన్నీ చేయమని కాదు. ఒక్కటి. అది పూర్తయ్యేదాకా రెండోదాని పేరు ఇంట్లో ఎత్తకూడదు.

నమ్మదగినదో కాదో తెలుసుకోవడానికి నేను చూసేవి పెద్ద విషయాలు కావు. 'ఫ్రీ' అని పిలిచి మొదటి పేజీలోనే కార్డు నంబరు అడిగితే అది ఫ్రీ కాదు, వారం తర్వాత మీ ఖాతాలోంచి డబ్బు పోతుంది. పిల్ల చేత ఏదైనా చేయించి, దాన్ని దిద్దే ఏర్పాటు ఉందా లేక వీడియో మీద వీడియో చూపించడమేనా? రెండోదైతే అది సీరియల్ లాంటిది. పాఠం ఏ సంవత్సరానిదో కూడా చూడండి. లాజిక్, డేటా స్ట్రక్చర్స్ లాంటి మూల పాఠాలు పాతవైనా పరవాలేదు, కానీ ఒక ఫ్రేమ్‌వర్క్ గురించి ఆరేళ్ల కిందటి వీడియో చూస్తే అందులో చెప్పిన బటన్ ఇప్పటి స్క్రీన్ మీద ఉండదు. పిల్లలు తమదే తప్పనుకుని మానేస్తారు.

ఇదంతా చదివి డబ్బు కట్టి నేర్చుకునేవాళ్లందరూ మోసపోయినట్టే అని నేనంటున్నానని అనుకోకండి. అమీర్‌పేట మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టుపక్కల గోడలు కనిపించకుండా ఫ్లెక్సీలు కట్టిన ఆ సందుల్లో నేర్చుకుని, ఇవాళ అమెరికాలో ఇళ్లు కొన్నవాళ్లు మన బంధువుల్లోనే ఉన్నారు. అక్కడ కొద్ది ఫీజుకే నిజంగా బాగా చెప్పే సార్లు ఉండేవారు, ఇప్పటికీ ఉన్నారు. అయితే మా పెదనాన్న కొడుకు ఒకడు అక్కడ చదివి పైకి వచ్చినవాడే. వాడిని అడిగితే, "పాఠం జెరాక్స్ నోట్సులో కూడా ఉండేది. పొద్దున్నే ఏడు గంటల బ్యాచ్‌కి లేచి వెళ్లడం, నాలాంటివాళ్లు వందమంది ఒకే హాల్లో కూర్చోవడం, సాయంత్రం హాస్టల్‌లో నలుగురం కలిసి చేసుకోవడం, అదే నన్ను నిలబెట్టింది" అన్నాడు. ఇంటర్నెట్ పాఠాన్ని ఇంటికి తెచ్చింది. ఏడు గంటల బ్యాచ్‌ని, ఆ నలుగురు స్నేహితుల్ని తేలేదు. అవి మనమే సమకూర్చాలి. రోజూ ఒకే వేళకు ఒక గంట, టీవీ లేని ఒక మూల, కీబోర్డు ఉన్న ఒక కంప్యూటర్ కావాలి, సెకండ్ హ్యాండ్‌దైనా పరవాలేదు. ఫోన్ మీద పాఠం వినవచ్చు గానీ కోడ్ రాయడం నరకం. అదే కోర్సు చేసే ఇంకో ఇద్దరు పిల్లలు తోడుంటే మంచిది.

అన్నీ చూశాక, మా అమ్మాయికి ఎదురుగా మనిషి ఉండి చెబితేనే ఎక్కుతుంది అనుకుంటే డబ్బు కట్టండి, తప్పేమీ లేదు. నెలనెలా కట్టే చోట చేరండి. పూర్తి క్లాసు ఒకటి కూర్చుని వినండి. మానేస్తే ఎంత వెనక్కిస్తారో కాగితం మీద రాయించుకోండి. ఈఎంఐ అన్నచోట మాత్రం ఒకటికి రెండుసార్లు చదవండి. చాలాసార్లు అది ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే వాయిదా కాదు, మీ పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. డబ్బు మొత్తం ఇన్‌స్టిట్యూట్‌కి ముందే వెళ్లిపోతుంది. రేపు క్లాసులు ఆగిపోయినా మీ వాయిదా ఆగదు, ఆపితే సిబిల్ స్కోరు పడిపోతుంది. మాకు గాజులే పోయాయి. మెసేజ్ చూపించిన నాన్నగారి విషయంలో నేను భయపడింది దీనికే.

తమ్ముడి సంగతి మధ్యలో వదిలేశాను. వాడికి 2021 చివర్లో హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం 18 వేలు. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ ఎవరూ అడగలేదట. గిట్‌హబ్‌లో పెట్టుకున్న మూడు చిన్న ప్రాజెక్టుల్లో ఒకటి తెరిచి, "ఇక్కడ ఇలా ఎందుకు రాశావు?" అని ముప్పావుగంట అడిగారట. అది మా వీధి కిరాణా కొట్టు అప్పుల లెక్క రాసుకునే ప్రోగ్రామ్. తనే కట్టాడు కాబట్టి చెప్పగలిగాడు. వాడితోపాటే అదే కోర్సు చేసిన స్నేహితుడికి మాత్రం ఉద్యోగం రాలేదు, బ్యాంకు పరీక్షల వైపు వెళ్లాడు. ఉచితంగా నేర్చుకున్నా డబ్బు కట్టి నేర్చుకున్నా ఉద్యోగం గ్యారంటీ అనే మాట ఎవరూ నిజాయితీగా అనలేరు. వాడి స్నేహితుడి ఇంట్లో మాత్రం గాజులు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇప్పుడు ఎర్రర్ మెసేజ్ దగ్గరికి వస్తాను. ఇది కొంచెం మా మీద మేము చెప్పుకోవలసిన మాట. ప్రిన్సిపల్ మేడమ్ కత్తిరించకుండా ఉంచితే సంతోషిస్తాను.

పోయిన టర్మ్‌లో నా తొమ్మిదో తరగతి పిల్లలకు గ్రాఫ్ కాగితం, అరపేజీ ఇంగ్లీష్ సూచనలు ఇచ్చాను. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎన్ని గళ్లు కుడికి, ఎన్ని పైకి అని రాసి ఉంటుంది, అలాగే గీస్తూ పోతే ఒక గాలిపటం వస్తుంది. కష్టమైన పదం ఒక్కటి లేదు. నేను ఏమీ చెప్పను, చదివి చేయండి అన్నాను. నలభై ఒక్క మందిలో ఎవరినీ అడగకుండా పూర్తి చేసింది ఆరుగురు. మిగతావాళ్లు రెండు నిమిషాల్లోనే చేతులెత్తారు: "మేడమ్, వాట్ టు డూ?" గుక్క తిప్పుకోకుండా ఇంగ్లీష్ మాట్లాడే పిల్లలు వీళ్లు. వార్షికోత్సవంలో యాంకరింగ్ చేసింది వీళ్లే. పేజీ ఎదురుగా ఉంది, జవాబు పేజీలోనే ఉంది, కానీ ఎవరో ఒకరు నోటితో చెబితే తప్ప కదలరు. తప్పు పిల్లలది కాదు. ప్రతి పాఠాన్నీ మేమే చదివి, మేమే విడమరిచి, మేమే అండర్‌లైన్ చేయించి, ఆన్సర్ మేమే డిక్టేట్ చేసి, స్లిప్ టెస్ట్‌లో అదే అడుగుతాం. మీరు కూడా నోట్స్ పూర్తయ్యాయా అని అడుగుతారే గాని, ఈ పేజీ నువ్వే చదివి నాకు చెప్పు అని అడిగేవాళ్లు తక్కువ.

ప్రపంచంలో ఉన్న మంచి ఉచిత పాఠాల్లో ఎక్కువభాగం ఇంగ్లీషులోనే ఉన్నాయి. వాటిని వాడుకోవడానికి కావలసింది మాట్లాడే ఇంగ్లీష్ కాదు, నెమ్మదిగా చదివి చెప్పినట్టు చేసే ఇంగ్లీష్. దానికి మీరు ఇప్పటికే ఎల్‌కేజీ నుంచి ఫీజు కడుతున్నారు. అది మేము సరిగా ఇస్తే, బీటెక్‌లో మళ్లీ 72 వేలు కట్టే అవసరం చాలా ఇళ్లలో రాదని నా అభిప్రాయం. నా క్లాసుల్లో ఈ టర్మ్ నుంచి వారానికొక పీరియడ్ ఇలాంటి కాగితాలకే పెట్టుకున్నాను. మిక్సీతో వచ్చే మాన్యువల్, రైల్వే టికెట్ వెనక నిబంధనలు, పైథాన్ ట్యుటోరియల్‌లో ఒక పేజీ, ఏదైనా సరే. నేను నోరు మెదపను. సిలబస్ కాస్త వెనకబడింది, మార్కులు తగ్గితే మీరు నన్నే అడగండి. ఇంట్లో కొత్త వస్తువు ఏదైనా కొన్నప్పుడు మాన్యువల్ మీ పిల్లల చేతికిచ్చి, బిగించే పని వాళ్లకే వదిలిపెట్టండి. ఒకటి రెండు స్క్రూలు మిగిలినా కోప్పడకండి.

ఆ నాన్నగారికి నేను ఫోన్‌లో చెప్పింది ఇంతే: "సర్, ఆఫర్ ఆదివారంతో అయిపోతే అయిపోనివ్వండి, మళ్లీ ఆదివారం కొత్త ఆఫర్ వస్తుంది. అమ్మాయిని ఒక్క వారం సీఎస్50లో మొదటి రెండు పాఠాలు చేయమనండి. రోజూ గంట. మీరు కొట్టు కట్టేసి వచ్చాక, ఈ రోజు ఏం చేశావో చెప్పమ్మా అని అడగండి. వారం తర్వాత కూడా తను చేస్తానంటే, ఆ 72 వేలల్లో కొంత పెట్టి మంచి ల్యాప్‌టాప్ కొనండి. చేయనంటే, కోర్సు కట్టినా జరిగేది అదే."

ఆయన పెద్దగా నమ్మినట్టు అనిపించలేదు. "చూద్దాం మేడమ్" అన్నారు.

పన్నెండు రోజుల తర్వాత, రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేశారు. "మేడమ్, ఈ వేళప్పుడు చేసినందుకు ఏమీ అనుకోకండి. మా అమ్మాయికి ఏదో మెట్ల బొమ్మట, రావట్లేదట. ఎర్రర్ ఏముందో నాకు చదివి వినిపించింది, ఏదో సెమీకోలన్ అంటోంది. అది పెట్టాక బొమ్మ అయితే వచ్చింది గానీ, మెట్లు ఎడమవైపుకి వస్తున్నాయంట."

"సర్, ఇంట్లో ముగ్గు పెట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాను.